పట్టాల కింది థర్మాకోల్

మా మేనమామ మర్హూమ్ నాంపల్లి రైల్వేస్టేషనులో ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందారు. అల్లాహ్ ఆయన్ను క్షమించి, ఆయన సమాధిని కాంతితో నింపుగాక. ఉద్యోగాన్ని ఆయన వదిలారు గాని రైలు ఆయన్ను వదలలేదు. జిద్దాలో పనిచేసే పెద్ద కుమారుడు ఒకసారి సెలవుకు వస్తూ ఇంట్లోని పిల్లల కోసం విద్యుత్తుతో నడిచే చిన్న రైలు తెచ్చాడు. పిల్లలకు అది వారం రోజుల ముచ్చట. మామూకు మాత్రం మిగిలిన జీవితానికి సరిపడే వ్యాపకం అయింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ బల్ల చేయించి, దానిమీద థర్మాకోల్ పలకలను పొరలుగా అతికించి, కోసి, చెక్కి, మిద్దె మీది గదిలో నాంపల్లినే నిలబెట్టుకున్నారు. ముందు స్టేషను, పక్కన పబ్లిక్ గార్డెన్స్ చెట్లు, వెనుక నౌబత్ పహాడ్ నల్లబండలు.

అసలు నాంపల్లిలో పట్టాలు ఆగిపోతాయి. 1907లో కట్టిన ఆ స్టేషను దారికి చివర. వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. బల్లమీది బండి అలా ఆగితే చూసేవారికి ఏం సంతోషం? అందుకని మామూ నౌబత్ పహాడ్ కడుపులో సొరంగం తొలిచి, పట్టాలను దాని గుండా తిప్పి మళ్ళీ స్టేషనుకు చేర్చారు. “నిజాం సర్కారు మరచిపోయిన సొరంగం నేను తవ్వాను” అని నవ్వేవారు. నేను మద్రసాలో కొత్తగా చేరిన రోజులవి. గురువారం సాయంత్రం పాఠాలు ముగిశాక ఆయన వద్దకు వెళ్ళి పలకలు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ కాస్త పరిచయమే తరువాత నా కొంప ముంచింది.

మామూ పరమపదించిన నాలుగేళ్ళకు ఇంటిని బిల్డరుకు ఇవ్వాలని వారసులు నిశ్చయించారు. మీరాస్ లెక్క తేల్చమని నన్ను పిలిచారు. భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. మొత్తాన్ని 40 భాగాలు చేస్తే భార్యకు 5, ఒక్కొక్క కుమారునికి 14, కుమార్తెకు 7. లెక్క తేలికే. ఆస్తుల జాబితాలో ఇల్లు, బ్యాంకులోని సొమ్ము, పాత స్కూటరు, ముమానీ పేరు మీద లేని రెండు బంగారు గాజులు అన్నీ వచ్చాయి. మిద్దె మీది రైలు ఊసు ఎవరూ ఎత్తలేదు. అది కూడా తర్కాయే కదా అన్నాను. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. జిద్దా కుమారుడు ఫోనులో “పారేయండి భాయిజాన్, దానికెవరు వెల కడతారు?” అన్నాడు. చివరికి నలుగురూ మనఃపూర్వకంగా దాన్ని కుమార్తె కొడుకుకు హిబా చేశారు. వాడికి పదమూడేళ్ళు. వాడి తండ్రి దాన్ని తన స్వాధీనంలోకి తీసుకోవడంతో హిబా పూర్తయింది. ఆ తీర్మానాన్ని నా చేతులతోనే రాశాను. ఎందుకు చెబుతున్నానంటే, ఇకమీదట ఆ బల్లకు ఏ హాని జరిగినా అది మైనరు సొత్తుకు జరిగిన హాని.

ఇల్లు ఖాళీ చేయడానికి నెలరోజుల గడువుంది. ముమానీ ఒకే మాట అడిగారు: “బేటా, ఈ గదిలోంచి కదిలించే ముందు ఆ బండి ఒక్కసారి తిరిగితే చూస్తాను.”

గది తెరిచాం. నాలుగు వానాకాలాలు గడిచాయి. ఎవరో బల్ల మీద ఇనుప పెట్టె పెట్టడంతో స్టేషను అవతలి నేల జానెడు మేర కుంగింది. మలుపు కింద ఎలుకలు థర్మాకోల్‌ను కొరికి నా మూర పొడవున సొరంగం చేశాయి (ఇది మామూ తవ్విన సొరంగం కాదు). పలకల మధ్య అతుకులు విడిపోయాయి. పైన పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బీటలు వారింది. పట్టాలు మాత్రం చూడటానికి చక్కగానే ఉన్నాయి. పిల్లవాడు బడి నుంచి వచ్చేలోగా పెద్ద లోపాలు సరిచేద్దామని నేను ఉత్సాహపడ్డాను.

థర్మాకోల్ అంటే పాలిస్టైరీన్ గుళ్ళను ఆవిరితో ఉబ్బించి అచ్చులో ఒత్తిన పలక. దానిలో నూటికి 98 పాళ్ళు గాలే. ఈ సంగతి నాకు తరువాత తెలిసింది. ఆ రోజు తెలిసిందల్లా గట్టిగా అతికే జిగురు ఏదో. చెప్పులకు, రెక్సిన్‌కు వాడే పసుపు జిగురు కన్నా గట్టిది లేదని నా నమ్మకం. ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో డబ్బా కొని తెచ్చి, విడిపోయిన అతుకులోకి ధారాళంగా పోశాను. జిగురు లోపలికి జారింది. ఘాటైన వాసన వచ్చింది. తరువాత సన్నని చిటపట. నా కళ్ళముందే ఆ తెల్లటి పలక వేడి పెనం మీద నెయ్యిలా కుంగిపోయింది. పిడికిలి పట్టేంత గొయ్యి పడింది. దాని అడుగున పసుపు బంక మిగిలింది. ఆ జిగురులోని ద్రావకం పాలిస్టైరీన్‌ను కరిగిస్తుంది. పెట్రోలు, థిన్నరు, డబ్బాలోంచి చిమ్మే స్ప్రే రంగు కూడా అంతే. గోడలు కరిగితే లోపలి గాలి పోతుంది. అంత పెద్ద పలకా గుప్పెడు బంకగా మిగులుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. గొయ్యిలో పాత వార్తాపత్రికలు కుక్కి, పైన ప్లాస్టర్ పూసి, మామూ డబ్బాలో మిగిలిన మట్టిరంగు రుద్దాను. పట్టాలు తిరిగి బిగించాను. పైకి ఏమీ తెలియలేదు. అస్ర్ వేళకు పిల్లవాడు వచ్చి చూసి “మాషా అల్లాహ్, మౌలానా మామూ, అప్పుడే అయిపోయిందా!” అన్నాడు. నేను కాదనలేదు.

ఇంజను ఒంటరిగా నడిచింది. నాలుగు పెట్టెలు తగిలించగానే సరిగ్గా అక్కడే, ఆ మలుపులో, పక్కకు ఒరిగి పడింది. వాడు లేపి పెట్టాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడినప్పుడు ఒక పెట్టె కొక్కెం విరిగింది. వాడు నేలమీద కూర్చుని చక్రాలను పరీక్షించసాగాడు. తప్పు చక్రాలదేమోనని వాడి అనుమానం. నేను ప్రతి ఏటా విద్యార్థులకు క్రయవిక్రయాల అధ్యాయం చెబుతాను. పైన పొడిగా కనిపించే ధాన్యపు కుప్పలో దైవప్రవక్త (స) చేయి పెట్టినప్పుడు వేళ్ళకు తడి తగిలిన ఉదంతం అందులో వస్తుంది. తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వర్తకుణ్ణి నిలదీశారు. ఆ హదీసును ఎన్ని వందల మందికి వివరించి ఉంటానో. పిల్లవాడు చక్రాలు తుడుస్తూ ఉంటే నా గొంతులో అదే అడ్డుపడింది. చివరకు చెప్పేశాను. నేనే కరిగించాను, నేనే కప్పిపెట్టాను అన్నాను.

వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత “పర్వాలేదు, మాఫ్ చేశాను” అన్నాడు.

అక్కడే చిక్కు వచ్చింది. మైనరు తన ఆస్తి విషయంలో ఇచ్చే మాఫీ చెల్లదు. పూర్తిగా అతనికి నష్టమే కలిగించే ఏ వ్యవహారమూ అతని మాటతో గాని, సంరక్షకుని అనుమతితో గాని ధార్మికంగా నెరవేరదు. ఇది మన హనఫీ గ్రంథాల్లో మొదటి పాఠాల్లోదే. ఈ మాట వాడికి వివరిస్తే “అయితే ఏం చేస్తారు?” అని అడిగాడు. బాగు చేసి ఇస్తాను, విరిగిన కొక్కెం ఖర్చు చెల్లిస్తాను అన్నాను. బాగుచేయడం వచ్చా అని అడిగాడు. రాదు అన్నాను.

నేర్పింది ఒక అలంకరణ పనివాడు. పెళ్ళి వేదికలకు, వినాయక మండపాలకు థర్మాకోల్‌తో స్తంభాలు, కమానులు చెక్కే మనిషి. మా వీధి చివర షెడ్డులో పనిచేస్తాడు. నా గడ్డం, టోపీ చూసి ముందు సంకోచించాడు గాని, పని అడుగుతున్నానని తెలిశాక తీరిగ్గా చెప్పాడు. మొదటి మాట: చెడిన భాగం మీద కప్పవద్దు, గట్టి థర్మాకోల్ తగిలేదాకా కోసి పారేయి. వంకర గొయ్యికి సరిపడే ముక్క ఎవ్వరూ కోయలేరు, కాబట్టి గొయ్యినే నలుపలకలుగా చేయి. రెండో మాట: టీవీ పెట్టెల్లో వచ్చే మెత్తటి థర్మాకోల్ వాడవద్దు, వేలితో నొక్కితే గుంట పడని గట్టి పలక అడిగి తీసుకో. మెత్తటి ముక్క గట్టి పలక మధ్య ఉంటే బరువు పడ్డప్పుడు అదొక్కటే దిగుతుంది.

మర్నాడు మేమిద్దరం పట్టాలు ఊడదీసి నా ప్లాస్టరును పగలగొట్టాం. కట్టరు బ్లేడును పూర్తిగా బయటికి లాగి, నొక్కకుండా, రంపంలా ముందుకూ వెనక్కూ ఆడించాలి. మొద్దుబారిన బ్లేడు గుళ్ళను కోయదు, పెకలిస్తుంది. పసుపు బంక పోయేదాకా కోశాం. అక్కడ ఒక వింత కనబడింది. మలుపు కింద అడుగు పొరలో మామూ వేసిన పాత అతుకు ఉంది. చక్కని చతురస్రం. నాలుగు మూలలా చీపురుపుల్లలు మేకుల్లా గుచ్చి ఉన్నాయి. దాని పక్కన పెన్సిలుతో ఉర్దూలో “2 సూత్ ఎక్కువ కోశాను” అని రాసుకున్నారు. ఎప్పుడో ఆయన చేయి కూడా తప్పింది. దాన్ని ఆయన ఎవరికీ చూపలేదు, దాచనూ లేదు. పిల్లవాడు ఆ అతుకును వేలితో నొక్కి చూశాడు. ఇనుపపెట్టె, ఎలుకలు, నాలుగు వానాకాలాల తరువాత కూడా అది కదల్లేదు.

దాన్ని చూసే మా అతుకు కోశాం. ముక్కను గొయ్యి కన్నా గోరంత పెద్దదిగా కోసి, పొడిగానే దూర్చి చూసి, బిగువుగా కూర్చున్నాక బయటికి తీసి తెల్ల ఫెవికాల్ పలుచగా పూయాలి. నీటితో చేసిన జిగురు థర్మాకోల్‌ను కరిగించదు. అయితే దానికి ఓర్పు కావాలి. రెండు పలకల మధ్య గాలి ఆడదు గనుక అంచులు గంటలో ఆరినా నడుమ రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. రెండో రోజు ఒక నమూనా అతుకు విప్పి చూస్తే లోపల ఇంకా పాలలా ఉంది. నాలుగు రోజులు వదిలేశాం. చీపురుపుల్లలకు బదులు ఊదొత్తుల పుల్లలు గుచ్చాం. పైన బరువు పెట్టాలి. వాడు గదిలో చుట్టూ చూసి, నా సంచిలోని లావుపాటి కితాబులు తెచ్చాడు. హిదాయా సంపుటాలు! నేను కెవ్వుమన్నాను. బియ్యం సంచి పెట్టాం.

కుంగిన నేలను, విరిగిన నౌబత్ పహాడ్ అంచును కొత్తగా చెక్కాల్సి వచ్చింది. దానికి వేడి తీగ కావాలి. అలంకరణ మేస్త్రి తన వెదురు విల్లును, ట్రాన్స్‌ఫార్మరును ఒక శుక్రవారం అరువిచ్చాడు. విల్లుకు కట్టిన నైక్రోమ్ తీగ విద్యుత్తుతో వేడెక్కి థర్మాకోల్‌ను వెన్నలా కోస్తుంది. ఎర్రబడకూడదు. ఎర్రబడితే గాడి వెడల్పై గుళ్ళు కాలి నల్లబడతాయి. తొందరపడి నెడితే తీగ మధ్యలో వంగి, పైన తిన్నగా, లోపల వంకరగా కోస్తుంది. పట్టాల ఏటవాలు కోసేటప్పుడు పలకకు రెండు వైపులా ఒకే ఆకారంలో అట్టముక్కలు గుచ్చి, తీగను వాటి అంచుల మీద జార్చాలి. విల్లు ఒక కొస వాడి చేతిలో, మరొకటి నా చేతిలో. ఇద్దరూ ఒకే వేగంతో కదలడానికి అట్టల మీద గీతలు గీసి, గట్టిగా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాం. మొదటి రెండు పలకలు చెడిపోయాయి. నేను ఏడు అనేసరికి వాడు తొమ్మిది దగ్గర ఉన్నాడు. ఈ పని గదిలో చేయరాదు. ఆ పొగ గొంతును, కళ్ళను మండిస్తుంది, ఒంటికి మంచిది కాదు. మిద్దె మీద, గాలి మా వీపు వైపు నుంచి వీచేలా నిలబడి చేశాం.

ఏటవాలు నూటికి రెండు మించకూడదు. అంటే మీటరు పొడవుకు రెండు సెంటీమీటర్ల ఎత్తు. అంతకు మించితే చిన్న ఇంజను చక్రాలు జారతాయి. ఈ రైలు అసలు బండిలో 87వ వంతు. పట్టా కింద ఒక్క మిల్లీమీటరు గుంట ఉంటే అది అసలు రైలుకు 87 మిల్లీమీటర్ల గుంట, బెత్తెడు అన్నమాట. పెద్ద లైను మీద అలాంటిచోటికి ఎవరైనా బండిని పంపుతారా? వాడు ఈ లెక్క వేసి నాకు మరో సంగతి కూడా చూపించాడు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 19 దాటుతుంది. ఈ పట్టాల నడుమ 16.5 మాత్రమే. అది విదేశాల 1435 మిల్లీమీటర్ల లైనుకు తగిన కొలత. “నానా నాంపల్లిలో వేసింది విదేశీ లైను” అని తేల్చాడు.

నౌబత్ పహాడ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. మన హైదరాబాదు గుట్టలు మట్టి దిబ్బలు కావు. ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే నున్నని గుండ్లు. థర్మాకోల్‌ను కోస్తే అంచులు పదునుగా వస్తాయి, గుళ్ళు బయటపడి సాబుదానా ఉప్మాలా కనబడతాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో వాడికి ఒక విదేశీ పత్రిక దొరికింది. అక్కడివారు గుళ్ళు లేని, గులాబీ, నీలి రంగుల్లో వచ్చే గట్టి ఫోమ్ పలకను వాడతారు. దాన్ని ఏ ఆకారంలోనైనా నున్నగా చెక్కవచ్చు. మన దగ్గర అది శీతల గిడ్డంగుల గోడలకు, డాబాలకు వేడి తగలకుండా వేసేవారి వద్ద ఉంటుంది. ఒక్క పలక కావాలంటే నవ్వారు. మేం థర్మాకోల్‌తోనే చేశాం. చిన్న ముక్కలను వేర్వేరుగా గుండ్రంగా కోసి, సన్నని గరుకు కాగితంతో బరువు వేయకుండా రుద్ది, ఒకదానిమీద ఒకటి పేర్చి అతికించాం. వాల్ పుట్టీలో కొంచెం ఫెవికాల్, నీళ్ళు కలిపి కుంచెతో మూడు పూతలు వేస్తే గుళ్ళు కనుమరుగయ్యాయి. రంగు నీటితో కలిపేదే. బూడిద రంగు, దానిమీద పలుచని గోధుమ రంగు, వానచారలకు నలుపు. శుక్రవారం జుమా తరువాత పబ్లిక్ గార్డెన్స్ వైపు వెళ్ళి అసలు గుండ్లను అరగంటసేపు చూసి వచ్చాం. అన్ని ఏళ్ళుగా ఆ దారిన పోతున్నా వానచారలు పైనుంచి కిందికి ఉంటాయని నేను గమనించలేదు.

ఆ రోజుల్లో థర్మాకోల్ గుళ్ళు నన్ను వదల్లేదు. గడ్డంలో, లాల్చీ మడతల్లో, టోపీ అంచున అంటుకునేవి. తుడిస్తే చేతికి, చేతినుంచి చొక్కాకు. ఒక జుహర్ వేళ సహోపాధ్యాయుడొకరు నా భుజం మీంచి ఒకటి తీసి, ఈ వయసులో ఆటబొమ్మల పనేమిటి, లహ్వ్ కాదా అని అడిగారు. అడగదగిన ప్రశ్నే. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకోవడం, వాటిలో రెక్కల గుర్రాన్ని చూసి ప్రవక్త (స) నవ్వడం హదీసు గ్రంథాల్లో ఉంది. పిల్లల ఆటకు ధర్మంలో చోటుంది. కాని నేను ఆ జవాబు చెప్పలేదు. “ఇది ఆట కాదు, నా మీదున్న బాకీ” అన్నాను. ఆయన నమ్మలేదనుకుంటాను.

పట్టాల కింద చెప్పుల తయారీకి వాడే పలుచని రబ్బరు షీటు పరిచాం. లేకపోతే ఆ బోలు పలక డప్పులా మోగుతుంది. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం తెచ్చి జానెడుకొక చోట పెట్టి చూశాం. నా గొయ్యి ఉన్నచోట బుడగ సరిగ్గా మధ్యలో నిలిచింది. అక్కడికి కొద్ది దూరంలో, ఎలుకలు కొరికిన చోట మాత్రం వెంట్రుకవాసి పక్కకు ఉంది. మళ్ళీ విప్పుదామా అని అడిగాను. గడువుకు మూడు రోజులే ఉంది. వాడు ఇంజనును అక్కడ నాలుగుసార్లు నడిపి చూసి, అవసరం లేదన్నాడు. సొత్తు వాడిది. నేను ఊరుకున్నాను.

ఇల్లు అప్పగించే ముందటి సాయంత్రం మగ్రిబ్ తరువాత ముమానీని కుర్చీలో కూర్చోబెట్టి మిద్దె మీదికి మోసుకెళ్ళాం. పిల్లవాడు మీట తిప్పాడు. బండి స్టేషను విడిచి, పబ్లిక్ గార్డెన్స్ దాటి, నౌబత్ పహాడ్‌లో దూరి, అవతల బయటికి వచ్చింది. నాలుగు పెట్టెలూ వెంట వచ్చాయి. మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. ముమానీ ఆరేడు చుట్లు చూసి అన్నారు: “మీ మామూ ఇంత నెమ్మదిగా నడిపేవారు కాదు. ఇంకా జోరుగా పోనివ్వు.” వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఎలుకల చోట టక్ మన్న చిన్న చప్పుడు వచ్చింది గాని బండి పడలేదు. ఆమె ఇషా అజాన్ వినబడేదాకా చూశారు.

విరిగిన కొక్కెం వెల ఎంతో కనుక్కుని వాడి తండ్రి చేతికి ఇచ్చాను. కరిగిన థర్మాకోల్‌కు కొత్త పలక వేశాం గనుక ఆ లెక్క తీరింది. ఇక మిగిలింది, దాచిపెట్టిన ఆ ఒక్క సాయంత్రం. దానికి వెల కట్టలేను గనుక, దాన్ని వాడి దగ్గరే అడగాలి. బల్లను వాడి ఇంటికి చేర్చిన రోజు అడిగాను.

“బాలిగ్ అయ్యాక ఆలోచిస్తాను మౌలానా మామూ” అన్నాడు. “ఇప్పుడు చెప్పినా చెల్లదని మీరే అన్నారు కదా.”